ఆట పుస్తకమూ పుస్తకమే: కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రికి కడప నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి, ఏమవుతుందో తేలని చోట పాచికలు వేసి ముందుకు సాగే ఆటను టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆట అచ్చులోకి వచ్చింది. దీనికి బోర్డు ఉండి తీరాలని లేదు. నియమాలూ, కథ జరిగే లోకమూ అన్నీ పుస్తకంలోనే ఉంటాయి.

గండికోటనూ పెన్నా లోయనూ నేపథ్యంగా తీసుకుని మా మిత్రబృందం అలాంటి పుస్తకం ఒకటి తెలుగులో రాసి, సొంత డబ్బుతో కొద్ది ప్రతులు అచ్చు వేయించింది. రాయడానికి పడిన శ్రమ కంటే చదువరికి చేర్చడానికి పడుతున్న శ్రమే ఎక్కువగా ఉంది. ఇది కావాలనేవారు ఏ ఒక్క ఊళ్లోనూ పదిమంది ఉండరు. టెక్కలిలో ఒకరుంటే ఆదోనిలో ఇద్దరు, నిజామాబాదులో ఇంకొకరు. అందువల్ల పుస్తకాల దుకాణాలు ప్రతులు తీసుకోవు, పంపిణీదారులు అడిగే కమిషన్ ఇస్తే అచ్చు ఖర్చయినా తిరిగి రాదు. మాకు తపాలాయే దుకాణం.

2024 డిసెంబరు 18న రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సేవ నిలిచిపోయినప్పుడు దిక్కుతోచలేదు. 2025 మే 1న మీ శాఖ జ్ఞాన్ పోస్ట్ ప్రారంభించి, పన్నులు కాక 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, 5 కిలోల వరకు 100 రూపాయలకు పుస్తకాలు పంపే వీలు కల్పించినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అయితే అది విద్యా, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు ఉద్దేశించినది కనుక, ఒక కౌంటర్‌లో పుస్తకంగా తీసుకున్న ప్రతినే మరో కౌంటర్‌లో ఆటవస్తువని తిప్పి పంపారు. ఆ రోజు స్పీడ్ పోస్టుకు కట్టిన అదనపు రుసుము మేమే భరించాం, ఎందుకంటే ముందే డబ్బు పంపిన చదువరిని మళ్లీ అడగలేకపోయాం. సిబ్బందిని నేను తప్పుపట్టను. అట్టమీద ‘ఆట’ అని ఉన్న పుస్తకం ఏ కోవకు చెందుతుందో వారికి రాతపూర్వకంగా చెప్పినవారు లేరు.

1820లో మా ఊరికి వచ్చిన సి.పి. బ్రౌన్, పండితులు పెద్దగా లెక్కచేయని వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించారు. ఏది సంస్కృతి అన్న ప్రశ్నకు కౌంటర్ దగ్గర నిలబడి నిమిషంలో జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే.

విదేశీ ఆట పుస్తకాల సంగతి ఇక్కడ ఎత్తను. 2019 బడ్జెట్ దిగుమతి పుస్తకాలపై 5 శాతం కస్టమ్స్ సుంకం విధించింది కానీ అది వేరే శాఖ పరిధి.

మిమ్మల్ని కోరేది ఒక్క ఉత్తర్వు. ప్రచురణకర్త పేరుతో అచ్చయి, ప్రకటనలు లేని ఆట నియమాల పుస్తకం జ్ఞాన్ పోస్టుకు అర్హమైనదేనని, దానితో మడతపెట్టి ఉంచే పటమూ పాత్రల వివరపత్రాలూ పుస్తకంలో భాగమేనని అందులో స్పష్టం చేయండి. పాచికలను మేము వేరే పార్సిలులో పంపుకుంటాం. ఆ ఉత్తర్వు ప్రతి తెలుగులో కూడా మా జిల్లా పల్లె తపాలా కార్యాలయాల దాకా చేరేలా చూడవలసిందిగా మనవి.

భవదీయుడు,
కడపకు చెందిన ఒక ఆట పుస్తక రచయిత