మా హారన్ స్పీకర్లు కొన్నవారికి మనవి

తెనాలిలోని మా వర్క్‌షాపులో ఇంతకాలం ఇంటికైనా కల్యాణ మండపానికైనా ఒకే రకం హారన్ స్పీకరు చేసి ఇచ్చాం. ప్లైవుడ్ హారన్ వెనుక 8 అంగుళాల కాగితపు కోన్ గల ఫుల్‌రేంజ్ డ్రైవరు, అంటే అన్ని స్వరాలనూ ఒక్కటే పలికే డ్రైవరు, బిగించిన పెట్టె అది. ఇకమీదట మండపాలకు, భజన మందిరాలకు దానిని ఇవ్వబోము. వాటికి కింది స్వరాలు పలికే ఊఫరుతో పాటు, పై స్వరాలు పలికే హారన్‌కు కంప్రెషన్ డ్రైవరు ఉన్న పెట్టెలే చేస్తాం.

మొన్న మాఘమాసంలో మా పెట్టెలున్న ఒక మండపంలో పెళ్లికి వెళ్లాను. పెట్టెకు ఎదురుగా కూర్చున్నంతసేపు పురోహితుల సంకల్పం అక్షరం అక్షరం వినిపించింది. లేచి పక్క గోడ దగ్గర, వంటవాళ్లు వచ్చిపోయే తలుపు వద్ద నిలబడితే స, శ, ష మూడూ ఒకటైపోయాయి, గోత్రం ఏమిటో తెలియలేదు. 2,000 హెర్ట్జ్ వద్ద ధ్వని తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. హారన్ గొంతు, అంటే డ్రైవరు బిగించే ఇరుకు చివర, కోన్ అంత వెడల్పుగా ఉంటే, అంతకు పై స్వరాలు హారన్ గోడల మాట వినవు, సూటిగా ముందుకే పోతాయి. హల్లుల స్పష్టత చాలావరకు ఆ స్వరాల్లోనే ఉంటుంది.

కంప్రెషన్ డ్రైవరులో కదిలి ధ్వని పుట్టించే పలుచని రేకు, అంటే డయాఫ్రమ్, తనకంటే దాదాపు పది రెట్లు తక్కువ వైశాల్యమున్న సందుల గుండా గాలిని నెడుతుంది. ఆ సందులున్న ఫేజ్ ప్లగ్, డయాఫ్రమ్ అంచు నుంచీ మధ్య నుంచీ వచ్చే ధ్వని ఒకేసారి గొంతును చేరేలా చూస్తుంది. గొంతు 25 మిల్లీమీటర్లే కాబట్టి పై స్వరాలు కూడా హారన్ కోణం మేరకు పక్కలకు విచ్చుకుంటాయి. పైగా ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో ఇది సాధారణంగా 105 నుంచి 110 డెసిబెల్స్ ఇస్తుంది. పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల పవరు, అంత భారం ఆంప్లిఫయరుకు తగ్గుతుంది.

ఈ కొత్త పెట్టెల తొలి జతల్లో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పాడేవారి గొంతు ఊఫరుకూ హారన్‌కూ మధ్య రెండు ముక్కలు కాకూడదన్న ఆశతో, 8 ఓమ్‌ల కంప్రెషన్ డ్రైవరుకు కింది స్వరాలు చేరకుండా ఆపే కెపాసిటరును 22 మైక్రోఫ్యారడ్‌ది పెట్టాను. దాంతో కింద 900 హెర్ట్జ్ దాకా స్వరాల భారం డయాఫ్రమ్ మీదే పడింది. అదే బిగ్గరతనానికి స్వరం సగానికి దిగితే డయాఫ్రమ్ కదలిక కనీసం రెట్టింపవుతుంది, హారన్ పట్టు తప్పే చోట ఇంకా వేగంగా పెరుగుతుంది. తిరిగొచ్చిన ఒక డ్రైవరు విప్పి చూస్తే, టైటానియం డయాఫ్రమ్ అంచున నెలవంకలా చీలిక, ఫేజ్ ప్లగ్ మీద కాలిన కాయిల్ నల్లపొడి కనిపించాయి. ఇప్పుడు 10 మైక్రోఫ్యారడ్‌తో సుమారు 2,000 హెర్ట్జ్ వద్ద ఊఫరు స్వరాలనూ హారన్ స్వరాలనూ విడదీస్తున్నాం.

ఇళ్లలో ఫుల్‌రేంజ్ హారన్ వాడుతున్నవారు ఏమీ మార్చుకోనక్కరలేదు. చిన్న గదిలో ఎదురుగా కూర్చుని వినేవారికి, పాడేవారి గొంతులో ఎక్కడా అతుకు లేకుండా ఒకే కోన్ నుంచి పాట వినడం నిజంగా గొప్ప సుఖం. మా ఇంట్లో నేటికీ అదే మోగుతోంది.

మండపాలకు ఫుల్‌రేంజ్ పెట్టెలు కొన్నవారికి పూర్తి ధర కొత్త జతలో తగ్గిస్తాం. కొత్త పెట్టెలు కొన్నవారు ఆంప్లిఫయరు ఆపి, వెనుక మూత విప్పి కెపాసిటరు మీది అంకె చూడండి. 22 అని ఉంటే ఇక దానిని మోగించకుండా మాకు ఫోన్ చేయండి. కెపాసిటరూ, అవసరమైతే డయాఫ్రమూ మేమే వచ్చి ఉచితంగా మారుస్తాం.