గోదాం కూలీ, ప్రధానమంత్రి

కోపెన్‌హాగెన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం ఇంత ఆలస్యం చేసినందుకు ముందు నాలుగు తిట్లు తిట్టేసుకో, తర్వాత చదువు. చలి మొదలైంది, ఉద్యోగం అలాగే ఉంది, చిన్నదానికి జలుబు తగ్గింది, అమ్మ పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది. ఇంట్లో సంగతులు ఇంతే. అసలు విషయం కడుపులో ఆగట్లేదు.

హమాలీ యూనియన్ వాళ్లు నిన్ను వార్డు ఎన్నికల్లో నిలబడమంటున్నారని, "టెన్త్ గాడిని, నాకెందుకురా రాజకీయాలు" అని రాశావు కదా. ఇక్కడ మేముండేది సిద్‌హావ్నెన్ అనే పాత కార్మికవాడ. బోర్గ్‌బియెర్గ్స్‌వై అనే వీధి మీదుగా రోజూ సైకిల్ తొక్కుకుంటూ పోతాను. మొన్న ఆఫీసులో ఓ పెద్దాయన అన్నాడు, ఆ వీధిలోనే ఒక డెన్మార్క్ ప్రధానమంత్రి కాపురం ఉండేవాడని. మాజీ అయ్యాక కాదు, పదవిలో ఉండగానే!

పేరు అంకర్ యోర్గెన్సన్. 1922లో ఈ ఊళ్లోనే పుట్టాడు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే బంధువులు పెంచారు. అనాథ పిల్లల బడిలో చదువు, అదీ 1936తో సరి. తర్వాత సైకిల్ మీద సరుకులు చేరవేశాడు, ఓడలు కట్టేచోట పనిచేశాడు, ఆపైన... సర్దుకుని కూర్చో... గోదాంలో కూలీ! గోదాం రా శీనూ! నీ మూడో నంబరు షెడ్డే గుర్తొచ్చింది, ఆ ఎలకతో సహా.

1950లో గోదాం కార్మికుల యూనియన్‌కి ఉపాధ్యక్షుడు, 1958లో అధ్యక్షుడు, 1964లో సోషల్ డెమోక్రాట్ల తరఫున పార్లమెంటు సభ్యుడు. అంతవరకూ మన దగ్గరా చూశాం. 1972 సంగతి విను. యూరప్ కూటమిలో చేరాలా వద్దా అని అక్టోబర్ 2న ఓటింగ్. 63 శాతం మంది సరేనన్నారు. అప్పటి ప్రధాని యెన్స్ ఓటో క్రాగ్ గెలిచినట్టే కదా? మర్నాడు పార్లమెంటు కొత్త సమావేశాల మొదటిరోజు. అందరూ చూస్తుండగా లేచి, నేను దిగిపోతున్నానన్నాడు. సభ మొత్తానికి నోట మాట లేదు. రెండ్రోజులకి ఆ కుర్చీలో మన గోదాం మనిషి! అంతకుముందు మంత్రిగా ఒక్కరోజు కూడా చేసింది లేదు.

ప్రధాని వాడుకోవడానికి సరస్సు పక్కన మారియెన్‌బోర్గ్ అని ప్రభుత్వ విడిది ఉంది. అయినా ఆయనా, భార్య ఇంగ్రిడ్ ఆ చిన్న ఫ్లాట్ ఖాళీ చేయలేదు. మన కౌన్సిలర్ గెలిచిన నెలకే గేటుకి సింహాల బొమ్మలు పెట్టించాడు చూడు, సరే, వాడి మాటెందుకులే.

అంతా పూలబాటేం కాదు. పన్ను కట్టకపోవడమే గొప్పని టీవీలో చెప్పుకున్న గ్లిస్‌ట్రప్ అనే లాయరు కొత్త పార్టీ పెట్టి, 1973 ఎన్నికల్లో 28 సీట్లు ఎగరేసుకుపోయాడు. అంకర్ పార్టీ 70 నుంచి 46కి పడింది. 1975లో మళ్లీ ప్రధాని. 1978లో రైతుల పార్టీగా పుట్టిన వెన్‌స్ట్రతో పొత్తు పెట్టుకుంటే, సొంత యూనియన్ల వాళ్లే మండిపడ్డారు. ఇదిరా నాకు మింగుడుపడనిది. ఏ భుజాల మీద ఎక్కి పైకొచ్చాడో వాళ్లకే కోపం తెప్పించడం... ఆయన వైపు నుంచి చూస్తే సభలో లెక్క కుదరాలి కదా అనిపిస్తుంది, కానీ నేనే హమాలీనైతే... ఏమో, నువ్వే చెప్పాలి. నీకా కష్టం తెలుసు.

1982లో ఎన్నికలు పెట్టకుండానే రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షం నాయకుడు పౌల్ ష్లూటర్‌కి దారి వదిలాడు. అయినా పార్లమెంటులో 1994 దాకా, అంటే ముప్ఫై ఏళ్లు. 2016లో పోయాడు, తొంభై మూడేళ్లకి. ఆ పెద్దాయన ఆయన్ని "అంకర్" అనే అంటాడు, చుట్టాన్ని పిలిచినట్టు. "సారు"లూ "గారు"లూ ఏమీ లేవు. నువ్వు గెలిస్తే నేనూ శీనుగాడనే అంటాను, ముందే చెప్తున్నా.

ఇంకా బోలెడుంది, ఆయన డైరీల సంగతి అసలు మొదలే పెట్టలేదు. లైటార్పమని లోపలి నుంచి మూడో కేక పడింది, పొద్దున్నే షిఫ్టు. పకోడీల మీటింగులో ఏం తేల్చారో వెంటనే రాయి, నామినేషన్ గడువు ఎప్పు

ఆర్పేస్తున్నానే తల్లీ! ఉంటా రా.

నీ
బక్కోడు