వెనక తలుపు తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకుడి గారికి నమస్కారం.

మొన్న డిసెంబరులో మా అక్క కూతురికి అరకు చూపిద్దామని రాజాం నుంచి విశాఖపట్నం వచ్చాను. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజరు పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది. తెల్లారి మా ఊళ్లో బస్సెక్కితే అందదు కాబట్టి ముందు రాత్రి విశాఖలో ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. సీజను కావడంతో ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీల్లో నేను అడిగిన ఏ గదీ రెండు వేలకు తక్కువ లేదు. ఫోన్‌లో వెతికితే ఆడవాళ్లకు విడిగా డార్మిటరీ ఉన్న ఒక హాస్టల్ కనబడింది. మంచానికి 450 రూపాయలు. ఫొటోల్లో ప్రతి మంచానికీ తెర, లాకరు, తల దగ్గర చిన్న లైటు. నాలుగు రోజుల ముందే రెండు మంచాలకు 900 కట్టేశాను.

రాత్రి తొమ్మిదిన్నరకు సామాన్లతో అక్కడికి చేరాం. "లేడీస్ డార్మ్ ఫుల్ అయిపోయింది మేడమ్. మిక్స్‌డ్‌లో ఇస్తాను, ఒక్క రాత్రే కదా, సర్దుకోండి" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. మా పిల్ల పదో తరగతి. ముక్కూమొహం తెలియని మగవాళ్ల మధ్య దాన్ని ఎలా పడుకోబెట్టను? డబ్బులు వెనక్కి ఇవ్వమంటే యాప్‌లో పెట్టుకోమన్నాడు. ఆ వేళప్పుడు పిల్లను వెంటేసుకుని రోడ్డు మీద ఎక్కడ తిరుగుతాం? మూడో అంతస్తులో మూలన ఉన్న పైమంచం, కిందిమంచం తీసుకున్నాం. తెరలు లేవు. లాకర్లున్నాయి గానీ వాటికి గడియలు ఊడిపోయాయి. బ్యాగు తలకింద పెట్టుకుని, లోపలి వైపు పిల్లను పడుకోబెట్టి, పేరుకు రెండు మంచాలు తీసుకున్నా ఒక్క మంచం మీదే ఇద్దరం సర్దుకున్నాం.

పన్నెండు దాటాక "పిన్నీ, ఏదో కుడుతోంది" అని లేచింది. సెల్ లైటు వేసి దుప్పటి ఎత్తి చూశాను. పరుపు అంచు కుట్టు వెంబడి మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య కదులుతూ నల్లులు. పిల్ల మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి దద్దుర్లు. కిందికి వెళ్లి చెబితే ఆ అబ్బాయి పాపం వెంటనే లేచొచ్చి ఉతికిన దుప్పట్లు ఇచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. రాత్రంతా ఆ బిల్డింగుకు అతనొక్కడే. అతని మీద నాకు కోపం లేదు.

నల్లులైతే మందు కొడితే పోతాయి. నేను ఈ ఉత్తరం రాస్తున్నది వాటి గురించి కాదు. కిందికి దిగినప్పుడే చూశాను, మెట్ల కింద రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్ పెట్టి ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ వైరు మొదటి మెట్టు మీదుగా లాగారు. పక్కనే ఉతకడానికి మూటకట్టిన దుప్పట్ల కుప్ప. మూడంతస్తులకూ దిగే దారి అదొక్కటే. వెనక ఇనప మెట్లున్నాయి గానీ ఆ తలుపుకు గొలుసేసి తాళం పెట్టారు, ముందు పాత పరుపులు పేర్చారు. తాళంచెవి ఏదని అడిగితే "ఓనర్ గారి దగ్గరుంది మేడమ్, ఆయన మధురవాడలో ఉంటారు" అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో 8 మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం. అక్కడ మంటలు లేస్తే పొగ మెట్ల దారినే పై అంతస్తులకు కమ్మేసింది. కొందరు కిటికీల్లోంచి దూకారు. మా గది కిటికీకి ఊచలున్నాయి.

ఇంటికొచ్చాక డబ్బు విషయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆ 900 రేపో మాపో వస్తాయేమో. మరి ఆ మెట్ల సంగతి ఎవరు చూడాలి? అగ్నిమాపక చట్టం 1999లో వచ్చింది. దాని ప్రకారం వ్యాపార భవనాలకు ఎత్తు 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. మూడంతస్తుల ఇంటిని అద్దెకు తీసుకుని గదికి పన్నెండేసి మంచాలు వేస్తే అది ఆ ఎత్తుకు రానేరాదు. గదులు ఆరే, పడుకునేవాళ్లు మాత్రం డెబ్బై మంది. అధికారులు ఎత్తు కొలిచే బదులు ఇలాంటి చోట మంచాలు లెక్కపెట్టాలని నా మనవి. పన్ను విషయంలో ఈ చిన్న బసను ఎవరూ మర్చిపోలేదు. రోజుకు వెయ్యి లోపు గదులకు అంతకుముందు లేని జీఎస్టీని 2022 జూలై నుంచి వేస్తున్నారు. పన్నుకు కనబడిన మంచం తనిఖీకి కూడా కనబడాలి కదా!

బ్రిటిష్ వాళ్లు 1867లో సరాయిల కోసం, అంటే బాటసారులు దిగే సత్రాల కోసం ఒక చట్టం చేశారు. సరాయి నడిపేవాడు గదులు శుభ్రంగా ఉంచాలి, కాపలా మనిషిని పెట్టాలి, అద్దెల పట్టిక అందరికీ కనబడేలా కట్టాలి అని అందులో ఉంది. మన తిరుమలలో యాత్రికుల వసతి సముదాయాల్లో పైసా తీసుకోకుండా లాకరు ఇస్తారు. 450 తీసుకునేవాళ్లు ఒక గడియ బిగించలేరా?

హాస్టళ్లు వద్దని నేననడం లేదు. అవి లేకపోతే మాలాంటివాళ్లకు ఊరు చూసే దారే లేదు. పరీక్షలకొచ్చే పిల్లలు, ఇంటర్వ్యూలకొచ్చే ఆడపిల్లలు, ఆస్పత్రులకొచ్చేవాళ్లు వీటి మీదే ఆధారపడతారు. మా పక్క మంచంలో పార్వతీపురం వైపు పెద్దావిడ ఒకరున్నారు. భర్తను కేజీహెచ్ పెద్దాసుపత్రిలో చేర్చి కొడుకుతో కలిసి పది రోజులుగా అక్కడే ఉంటున్నారట. "మీరు రేపు వెళ్లిపోతారమ్మా, మేం ఎక్కడికెళ్తాం" అన్నారు. ఆవిడ చేతుల మీదా అవే దద్దుర్లు.

నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ కలిసి నగరంలో మంచాల లెక్కన అద్దెకిచ్చే ప్రతి చోటుకూ ఒకసారి వెళ్లి రావాలి. అదీ పగలు కాదు, రాత్రి పదకొండు తర్వాత. రెండో దారి తెరిచి ఉందో లేదో చూడాలి. మెట్ల కింద బండ్లు చార్జింగ్ పెట్టడం ఆ రోజే ఆపించాలి. ఎన్ని మంచాలకు అనుమతి ఉందో గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించాలి. ఆడవాళ్ల డార్మిటరీ అని డబ్బు తీసుకున్నవాళ్లు అది ఇవ్వలేకపోతే అక్కడికక్కడే డబ్బు వెనక్కి ఇచ్చేలా బుకింగ్ యాప్‌లను కూడా కట్టడి చేయాలి.

ఆ వెనక తలుపు, మెట్ల మీది వైరు ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. సంబంధిత అధికారులు అడిగితే చిరునామాతో సహా ఏ రోజైనా పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజాం, విజయనగరం జిల్లా