షంట్ వేసి పంపేశాక పెద్దలను ఎవరు నడిపించాలి?

సంపాదకులకు నమస్కారం.

మెదడులో నీరు చేరిన పెద్దలకు ఆపరేషన్ చేయించడానికి ఇప్పుడు దారులున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందిస్తామని 2024 అక్టోబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. ఇవన్నీ మంచి పనులే. కానీ కుట్లు విప్పి ఇంటికి పంపాక ఆ మనిషిని మళ్లీ నడిపించేది ఎవరు? ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడికి పరుగెత్తాలో చెప్పేది ఎవరు? మెదడులో చేరిన నీటిని కడుపులోకి మళ్లించే గొట్టం, అంటే షంట్, వేయించుకున్న మా నాన్నగారిని చూసుకుంటున్న కూతురిగా ఈ విషయం ప్రభుత్వాల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

నాన్నగారికి వచ్చిన జబ్బును డాక్టర్లు ఎన్‌పీహెచ్ (నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫాలస్) అంటారు. మెదడులో రోజుకు సుమారు అర లీటరు ద్రవం ఊరుతుంది, అంతే మోతాదులో రక్తంలోకి ఇంకిపోతుంది. ఇంకడం మందగిస్తే మెదడు లోపలి గదులు ఉబ్బుతాయి. ముందు నడక పాడవుతుంది, తర్వాత మూత్రం ఆగదు, మతిమరుపు వస్తుంది. కొలంబియా దేశపు వైద్యుడు సాలమన్ హకీం, ఆయన సహచరులు 1965లోనే దీన్ని వివరించారు. అయినా మన ఊళ్లలో ఈ మూడూ కలిసి కనిపించినా వయసు మీద పడిందనే అంటారు. నడుము నుంచి కొంత ద్రవం తీసి, నడక మెరుగుపడుతుందేమో చూసే పరీక్ష ఒకటుంది. అది చేసిన మర్నాడు నాన్నగారు గడప దగ్గర ఆగకుండా దాటారు. అంతకుముందు ప్రతి గడప ముందూ పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నిలబడిపోయేవారు. వెంటనే షంట్‌కు ఒప్పుకున్నాం.

షంట్ అంటే సన్నని గొట్టం. తల నుంచి చెవి వెనుకగా, మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందనే కడుపులోకి వెళ్తుంది. దారిలో చింతగింజంత వాల్వ్ ఒకటి, ఎంత ద్రవం పారాలో అది చూస్తుంది. మా మంగలి ఆ ఉబ్బు తగలగానే కత్తెర కింద పెట్టేశాడు. భయపడటం అతని తప్పు కాదు, ఏమీ కాదని చెప్పేవాళ్లు ఉంటే కదా.

ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు మొత్తం ఇంగ్లిషులో ఉన్నాయి. పదో తరగతి దాకా చదివిన మా అమ్మ, రోజంతా నాన్నగారి పక్కన ఉండే మనిషి, అందులో ఒక్క ముక్క చదవలేదు. వాల్వ్ ఏ కంపెనీది, అమర్చినప్పుడు ఏ స్థాయిలో పెట్టారన్న వివరం అందులో ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదు. బయటి నుంచి అయస్కాంతంతో స్థాయి మార్చే వాల్వులు కొన్నింటికి ఎంఆర్ఐ తీస్తే ఆ స్థాయి మారిపోవచ్చు, స్కాన్ తర్వాత మళ్లీ సరిచూడాలి. అయస్కాంతం ఉన్న హెడ్‌ఫోన్లను, సెల్‌ఫోన్లను ఆ వాల్వుకు కనీసం రెండంగుళాల దూరంలో ఉంచాలి, ఫోను రెండో చెవి దగ్గర పెట్టుకోవాలి. కడుపులో ఒత్తిడి పెరిగితే ద్రవం దిగడం తగ్గవచ్చు కాబట్టి పెద్దవాళ్లకు మలబద్ధకం రాకుండా చూడటం కూడా ముఖ్యమే. ఇవన్నీ మేము ఆ డాక్టరునూ ఈ డాక్టరునూ అడిగి తెలుసుకున్నవే. ఫోను చేసి అడగగలిగే పరిచయాలు లేని ఇళ్ల మాటేమిటి?

అసలు భయం గొట్టం మూసుకుపోతేనో, ఇన్ఫెక్షన్ వస్తేనో. జ్వరం, కుట్ల దగ్గర ఎర్రదనం, తగ్గని తలనొప్పి, వాంతులు, ఎంత లేపినా మత్తుగా పడుకోవడం, బాగుపడిన నడక మళ్లీ పాతదారి పట్టడం. వీటిలో ఏది కనిపించినా న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్లు ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే వస్తాయి. తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతున్నవారికి, పైకి బాగానే ఉన్నా డాక్టరుకు చూపించి తీరాలి. ద్రవం అవసరానికి మించి దిగిపోయినా మెదడు చుట్టూ రక్తం చేరే ప్రమాదం ఉంది. దగ్గరలోని ఆస్పత్రికి తలనొప్పితో తీసుకెళ్తే అక్కడి సిబ్బంది షంట్ సంగతి అడగలేదు, బీపీ చూసి బిళ్ల ఇచ్చి పంపారు. ఆ రోజు అది మామూలు నొప్పే కావడం మా అదృష్టం.

ఇక నడక. ఈ ఆపరేషన్ తర్వాత సాధారణంగా ముందు కోలుకునేది నడకే, జ్ఞాపకశక్తి నెమ్మదిగా వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. "ఆపరేషన్ అయింది కదా, ఇంకా మంచం మీదేనా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా నాన్నగారు ముఖం తిప్పుకుంటారు. ఎన్నాళ్లో చిన్న అడుగులకు అలవాటుపడిన కాళ్లకు మళ్లీ అంగలు వేయడం, తిరిగేటప్పుడు తూలకుండా నిలబడటం నేర్పాలి. మా మండలంలో ప్రభుత్వ ఫిజియోథెరపిస్టు దొరకలేదు. జిల్లా కేంద్రానికి తీసుకెళ్లాలంటే ఆటో, ఇద్దరు మనుషులు, ఒకరి కూలీ పోవడం. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు కమ్మీ బిగించుకున్నాం, తడి బండల మీద రబ్బరు చాప పరిచాం. వ్యాయామాలు ఫోనులో చూసి చేయిస్తున్నాం. సరిగ్గా చేయిస్తున్నామో లేదో చూసి చెప్పే మనిషి లేడు.

వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికోసారి వృద్ధుల క్లినిక్, మంచం దిగలేనివారి ఇళ్లకు సిబ్బంది వెళ్లడం అందులో ఉన్నవే. కాగితం మీద ఉన్నదాన్ని అమలు చేయమనే అడుగుతున్నాను. షంట్ వేసిన ప్రతి రోగి వివరం సొంత మండలంలోని ఆరోగ్య కేంద్రానికి చేరాలి. మొదటి మూడు నెలలు ఏఎన్ఎం ఇంటికి వచ్చి కుట్లు, జ్వరం, నడక చూడాలి. ఆరోగ్యశ్రీ, వైద్య సేవ ప్యాకేజీల్లో ఇంటి దగ్గర ఫిజియోథెరపీని చేర్చాలి. అది చేయకపోతే అంత ఖర్చుపెట్టి చేసిన ఆపరేషన్ ఫలితం సగమే దక్కుతుంది.

కనీసం ఒక్క పనికైనా ఆలస్యం అక్కరలేదు. వాల్వ్ పేరు, దాని స్థాయి, ఆపరేషన్ తేదీ, ప్రమాద లక్షణాలు, అర్ధరాత్రి అయినా ఎత్తే ఫోను నంబరు తెలుగులో ముద్రించిన కార్డు ఇవ్వనిదే షంట్ రోగిని డిశ్చార్జి చేయకూడదని ఆరోగ్యశ్రీ, వైద్య సేవ పథకాలను నడిపే రెండు రాష్ట్రాల ట్రస్టులూ తమ జాబితాలోని ఆస్పత్రులన్నింటికీ ఆదేశం ఇవ్వాలి.

ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం జిల్లా