డెమీ పుస్తకానికి 6 అంగుళాల తెర చాలదు

సంపాదకులకు,

తెర మీద పుస్తకాలు చదివే పరికరాలైన ఈ-రీడర్ల కంపెనీల పోటీ ఇప్పుడు తెర సైజు మీద నడుస్తోంది. 2007లో అమెజాన్ వారి తొలి కిండిల్ 6 అంగుళాలతో వచ్చింది. కిండిల్‌లోనే పేపర్‌వైట్ అనే రకం 2021లో 6.8కి, 2024లో 7కి పెరిగింది. మరో కంపెనీ కోబో 6, 7, 8 అంగుళాలవి అమ్ముతూనే 10.3 అంగుళాల ఎలిప్సా కూడా తెచ్చింది. ఇంగ్లిషు చదివేవారికి ఇదంతా ఇష్టాయిష్టాల సంగతి. చిన్న తెరలోనైనా అక్షరం పెంచుకుంటే వాక్యాలు వాటంతట అవే సర్దుకుంటాయి.

మన సంగతి వేరు. 2016లో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు తెలుగును కలపలేదు. ఈ-రీడర్‌లో తెలుగు చదవాలంటే ఎక్కువగా పీడీఎఫ్‌లే దిక్కు. వాటిలో వాక్యాలు అలా సర్దుకోవు, పేజీ అచ్చయినట్టే ఉంటుంది. మన అచ్చు పుస్తకాల్లో మామూలు సైజైన డెమీ 1/8 పేజీ 5.5 × 8.5 అంగుళాలు, తెరను కొలిచినట్టే మూల నుంచి మూలకు కొలిస్తే 10 అంగుళాల పైమాటే. దాన్ని 6 అంగుళాల తెరలో ఇరికిస్తే 12 పాయింట్ల అక్షరం 7కి దిగిపోతుంది. ఇక కింది ఒత్తేదో, పైన గుడో గుడిదీర్ఘమో పోల్చుకోలేక కళ్లు లాగేస్తాయి. 10.2 అంగుళాల కిండిల్ స్క్రైబ్ దాదాపు సరిపోతుంది గానీ, 2022లో అమెరికాలోనే దాని ధర 340 డాలర్లు. అదే ఏడాది వచ్చిన 6 అంగుళాలది 100.

కంపెనీలను తిట్టి లాభం లేదు, మన విజయవాడ ఏలూరు రోడ్డు పబ్లిషర్లనే అడగాలి. ఇక్కడి డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే కంపోజింగ్ జరిగింది. అది అన్ని పరికరాలూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్ కాదు. అందుకే కంప్యూటర్‌లోనే పుట్టిన పుస్తకం కూడా చివరికి పీడీఎఫ్‌గానే బయటికొస్తుంది. కన్వర్టర్లు ఉన్నా మార్చాక మళ్లీ ప్రూఫులు దిద్దాలి, ఖర్చవుతుంది, నిజమే. పైరసీ భయం అంటారు. పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిరగడం లేదా మరి! పాతవాటి మాట అలా ఉంచి, కొత్తగా వేసేవైనా యూనికోడ్‌లో కంపోజ్ చేయించి, అచ్చు పుస్తకంతో పాటు తెరను బట్టి వాక్యాలు సర్దుకునే ఈపబ్ ఫైలూ అమ్మండి. జనవరి పుస్తక మహోత్సవంలో ఒక స్టాల్ పెట్టి చూడండి, కొనేవాళ్లు కొంటారు.

కాపీరైటు తీరిన పాత పుస్తకాల స్కాన్లకు మాత్రం పెద్ద తెర తప్పదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. ఠాగూర్ గ్రంథాలయంలో అక్కడే కూర్చుని చదువుకునేలా 10 అంగుళాల రీడర్లు రెండు మూడు కొని పెట్టాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ