పియెర్ వియోన్ గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ జర్మనీ ఆక్రమణను ఎదిరించిన ఫ్రెంచ్ ప్రతిఘటన ఉద్యమం అనగానే అందరూ దాని నాయకులు డీగాల్, జాన్ మూలాన్‌ల దగ్గరే ఆగిపోతున్నారు. పియెర్ వియోన్ గురించి కూడా ఒక్క వ్యాసం వేయండి. అసలు పేరు రోజర్ గిన్స్‌బర్గర్, 1901లో అల్సాస్‌లో పుట్టాడు, వృత్తి ఆర్కిటెక్ట్. ఆధునిక కట్టడాల మీద 1930లోనే జర్మన్‌లో పుస్తకం రాశాడు. 1940 అక్టోబరులో అరెస్టయ్యాడు, 1942 జనవరిలో గయోన్ కోట నుంచి తప్పించుకున్నాడు, ఆ తర్వాత మారుపేరుతో అజ్ఞాతంలోనే పనిచేశాడు.

1943 మే 27న పారిస్‌లో, ఫోర్ వీధి 48వ నంబరు ఇంట్లో, జర్మన్ సైన్యం ఊరంతా తిరుగుతుండగా 16 ఉద్యమాల, పార్టీల, కార్మిక సంఘాల ప్రతినిధులు జాతీయ ప్రతిఘటన మండలిగా ఒక గదిలో కూర్చున్నారు. ఎంత టెన్షనో ఊహించండి! వాళ్లలో ఈయనా ఒకడు. 1944 మార్చిలో ఆ మండలి ఆమోదించిన కార్యక్రమానికి, అంటే అందరికీ సామాజిక భద్రత, పెద్ద బ్యాంకుల జాతీయీకరణ లాంటివాటికి, ముసాయిదా రాసిన చెయ్యి ఈయనదే.

ఆయన సహచరి, ఫొటోగ్రాఫర్ మరీ క్లోడ్‌ను 1943 జనవరిలో మొత్తం 230 మంది మహిళల బృందంలో ఆష్‌విట్జ్ నాజీ నిర్బంధ శిబిరానికి పంపారు. తిరిగొచ్చింది 49 మంది. వాళ్లలో ఆమె ఉంది, 1946లో న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పింది. 1949లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.