వారాంతపు సెలవుకు చట్టం కావాలి: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోంమంత్రి గారికి నమస్కారాలు.

దసరా ఉత్సవాల్లో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి క్యూలైన్ల దగ్గర తెల్లవారుజాము నుంచి బందోబస్తులో నిలబడిన, కానిస్టేబులైన మా ఆయన అర్ధరాత్రి ఇంటికొచ్చి బూట్లు విప్పితే, వాచిన కాళ్ల మీద సాక్సుల అంచులు గాట్లలా కనిపించాయి. మర్నాడు మళ్లీ బందోబస్తే. ఆ సేవ మాకు గర్వకారణమే. అయితే 2019లో పోలీసులకు ప్రకటించిన వారాంతపు సెలవుకు చట్టబద్ధత లేనందున, సిబ్బంది చాలనప్పుడల్లా మొదట పోయేది అదే. ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసులు కార్మిక సంఘాల్లో చేరరాదని 1966 నాటి కేంద్ర చట్టం చెబుతున్నది కనుక, వారి తరఫున శాసనసభే మాట్లాడాలి. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనిది, ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. రానున్న సమావేశాల్లోనే బిల్లు పెట్టి, వారానికొక సెలవును, అది రద్దయితే నెలలోగా బదులు సెలవును హక్కుగా ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక కానిస్టేబుల్ భార్య,
విజయవాడ